‘మనీ’ బేస్‌కు ముందు మిశ్రచాపు నేర్పండి

సంపాదకులకు,

హైదరాబాద్‌లో బేస్ గిటార్ నేర్చుకునే పిల్లలు చాలామంది ఇంగ్లిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వారి ‘మనీ’ పాట ఆరంభం దగ్గర చిక్కుకుపోతున్నారు. 1973 నాటి ఈ పాట ఏడు దెబ్బల లెక్కలో నడుస్తుంది. టాబ్ కాగితం (ఏ తీగను ఎక్కడ నొక్కాలో అంకెల్లో రాసింది) ఇచ్చి ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారే గానీ, ముందు చేత్తో తాళం వేయించే గురువులు తక్కువ. ఇది వేళ్ల సమస్య కాదు, తాళం సమస్య.

మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు తాళానికీ ఏడు దెబ్బలే, మూడు, నాలుగుగా: తకిట, తకధిమి. ఈ పాట వరుస సరిగ్గా అక్కడే విరుగుతుంది. పాశ్చాత్య స్వరం ‘బి’ని షడ్జంగా (స) పెట్టుకుంటే మొదటి మూడు దెబ్బలకు స, తారస్థాయి (పై స్థాయి) స–మధ్యస్థాయి ప, మళ్లీ స. తర్వాతి నాలుగింటికి మంద్ర (కింది స్థాయి) ప, మంద్ర కైశికి ని (ఒక రకం నిషాదం), స, సాధారణ గ (ఒక రకం గాంధారం). వరుస మొత్తంలో అన్నిటికన్నా కింది స్వరం ఆ మంద్ర పంచమం. అది నాలుగో దెబ్బ మీద, ‘తకధిమి’ ఎత్తుకునే చోటే పడుతుంది. చప్పట్లతో దీన్ని నోట పలికించాకే వాద్యం చేతికివ్వాలి.

ఇక వేళ్లు. చెయ్యి రెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) నుంచి ఐదో ఫ్రెట్ వరకు ఒకేచోట ఉండాలి. ‘ఎ’ తీగ 2లో (అంటే రెండో ఫ్రెట్‌లో) చూపుడువేలు. ‘జి’ తీగ 4, ‘డి’ తీగ 4 రెండూ ఉంగరపు వేలితోనే. వేలు ఎత్తకుండా ఒత్తిడిని ఒక తీగ మీది నుంచి మరో తీగ మీదికి దొర్లించాలి, లేకపోతే రెండు స్వరాలూ కలిసి మోగుతాయి. తర్వాత ‘ఎ’ 2, ‘ఇ’ 2, ‘ఇ’ 5, ‘ఎ’ 2, ‘ఎ’ 5. నిషాదాన్ని ఖాళీ ‘ఎ’ తీగ మీద కూడా పలికించవచ్చు, కానీ కొత్తవాళ్లకు ‘ఇ’ 5 మేలు. ఖాళీ తీగను సమయానికి ఆపడం వాళ్లకు కష్టం.

రెండో దెబ్బలోని రెండు స్వరాలు సమానం కావు. ఆ ఒక్క దెబ్బనే ‘తకిట’ అని మూడు ముక్కలు చేస్తే ‘తకి’ మొదటిది, ‘ట’ రెండోది. సగం సగం వాయిస్తే పాట ఊపు చచ్చిపోతుంది.

ఎక్కువమంది తప్పేది మాత్రం చివర్లో. నాలుగు, ఎనిమిది లెక్కల పాటలకు అలవాటుపడిన చెవి, గాంధారం తర్వాత లేని ఎనిమిదో దెబ్బను కలుపుకుంటుంది. సాధనలో గాంధారం దగ్గర ఆగడం వల్లే ఇది ముదురుతుంది. ఎప్పుడు ఆగినా తర్వాతి ఆవర్తనం మొదటి షడ్జం వాయించే ఆగాలి. మెట్రోనోమ్‌ను (లయ కోసం టిక్ టిక్‌మని మోగే పరికరం) నాలుగు దెబ్బల లెక్క మీద పెట్టకూడదు. ఏడుకు మార్చాలి, లేదా మొదటి దెబ్బకు వేరుగా మోగే శబ్దాన్ని తీసేసి అన్నీ ఒకేలా మోగనివ్వాలి. నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టి, తడబాటు లేదనుకున్నాక ఐదేసి పెంచాలి. అసలు పాట వేగం ఇంచుమించు ఆ 60కి రెట్టింపు.

ఫోన్ స్పీకర్‌లో విని నేర్చుకోవద్దు. ఆ మంద్ర పంచమం దాదాపు 46 హెర్ట్జ్. చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు, పిల్లలు పై స్థాయి స్వరమని పొరబడతారు. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి.

రామ్‌కోటి, సికింద్రాబాద్‌లలో ప్రభుత్వ సంగీత కళాశాలలున్న నగరం మనది. గిటార్ నేర్పేవారు నెలకొక్క తరగతికైనా ఒక మృదంగ విద్వాంసుణ్ణి పిలవాలని నా విన్నపం. ఈ పాటలోనే గిటార్ సోలో నాలుగు దెబ్బల్లోకి మారి, పాడే భాగానికి మళ్లీ ఏడుకు వస్తుంది. చేతిలో తాళం ఉన్నవాళ్లే ఆ మలుపు దాటగలరు.

– ఒక బేస్ గిటార్ ఉపాధ్యాయుడు, చిక్కడపల్లి, హైదరాబాద్