బరంపురంలో నీడ కరువు

ఒరేయ్ శీనూ,

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటు, కిటికీ తీస్తే సిటీ అంతా కనిపిస్తుందని తెగ మురిసిపోతూ రాశావు. చెట్టు కనిపిస్తుందా? ముందు అది చెప్పు.

వెటకారం కాదురా. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేసి 1984లో ఒక పరిశోధన అచ్చు వేయించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది. సగం మంది గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందే ఇంటికెళ్లారట, ఘాటైన నొప్పి మందులూ తక్కువే మింగారట. 46 మందంటే చిన్న లెక్కే, కాదనను. అయినా గోడ చూస్తూ పడుకోవడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

సెసిల్ కొనైనెండైక్ అనే డచ్ ఆయన ఇంకో లెక్క చెప్పాడు: ఇంట్లోంచి 3 చెట్లు కనిపించాలి, పేటలో 30 శాతం మేర చెట్ల కొమ్మలు పరుచుకోవాలి, 300 మీటర్లలోపు పార్కు ఉండాలి. మా వీధికి ఒకటిన్నర చెట్టు. ఆ అర ఎందుకంటే, వేపచెట్టుకి సగం కొమ్మలు కరెంటు తీగల కోసం నరికేశారు. 2013లో ఫైలిన్ తుపాను మన ఊరి పక్కనున్న గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు పోయిన చెట్ల చోట ఇప్పుడు స్తంభాలున్నాయి.

పార్కు మాత్రం ఉందిలే. ఈమధ్యే బాగుచేశారు. టైల్సు, రంగు లైట్లు, ఫౌంటెను, ఎండలో మెరిసిపోయే స్టీలు బెంచీలు. ఏప్రిల్‌లో వాటి మీద కూర్చుంటే అట్టు వేసినట్టే. పైగా పట్టపగలంతా గేటుకి తాళం. అందుకే ముసలాళ్లంతా ప్రహరీ బయట, వేపచెట్టు కింద, బరా-ఘుగ్ని (గారెలు, బఠాణీ కూర) బండి పక్కన గట్టు మీదే చేరతారు. ఎదురింటి ఒడియా మౌసీ మోకాళ్ల నొప్పులతో అక్కడిదాకా నడిచొచ్చి, సగం ఒడియా సగం తెలుగులో కోడలి మీద ఫిర్యాదులు చెప్పుకుని తేలికపడి వెళ్తుంది. ఆ గట్టుని ఏ ఇంజనీరూ గీయలేదు.

న్యూయార్క్ కూడళ్లలో జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన విలియం వైట్ చివరికి తేల్చింది కూడా ఇదే: కూర్చునే చోటుంటే జనం కూర్చుంటారు. మన పాత ఇళ్ల అరుగులు ఆ పనే చేసేవి. ఇప్పుడు కొత్త ఇల్లు కట్టేవాడెవడూ అరుగు వేయడు, ఆ జాగా బైకుకి కావాలి.

మీ అసోసియేషన్ మీటింగులో లాను గురించి వాదించుకునే బదులు, చెట్టు కింద రెండు బెంచీలు అడుగు. సిమెంటువే చాలు.

అమ్మ నీకు అరిసెలు పంపుతానంటోంది. ఫ్లాటు నంబరు, పిన్‌కోడు వెంటనే రాయి.

నీ
రమణ