సర్క్యూట్ వేశారు సరే, టెస్టింగ్ సంగతి?

సంపాదకుల వారికి నమస్కారం.

సొంతంగా ఆంప్లిఫయర్, దానికో స్పీకర్ పెట్టె తయారు చేసుకోవడం గురించి మీ విద్యార్థుల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. బొమ్మలు బాగున్నాయి, భాష సులువుగా ఉంది. చివరికొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. సోల్డరింగ్ అయ్యాక స్పీకర్ తగిలించి, స్విచ్ వేసి పాట పెట్టుకోమన్నారు! నేను డిప్లొమా పిల్లలకు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చెబుతాను. మా బల్ల మీద అసలు పని మొదలయ్యేదే అక్కడ.

ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే ఆంప్లిఫయర్‌ను మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్ లైన్‌కు సిరీస్‌లో ఒక బల్బు పెడతాం. ఎల్‌ఈడీ పనికిరాదు, పాతకాలపు ఫిలమెంటు బల్బే కావాలి. స్విచ్ వేయగానే అది భగ్గుమని వెలిగి, కెపాసిటర్లు చార్జ్ అయ్యేకొద్దీ మసకబారితే అంతా సవ్యంగానే ఉన్నట్టు. మసకబారకుండా అలాగే వెలుగుతుంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది. ఫిలమెంటు వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరిగి కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి ట్రాన్సిస్టర్లు కాలిపోకముందే మనం స్విచ్ తీసేయవచ్చు. ఇది మెయిన్స్‌తో వ్యవహారం, పక్కన తెలిసినవాళ్లు లేకుండా పిల్లలు చేయకూడదు. మీరు వేసిన, అడాప్టర్‌తో నడిచే చిన్న బోర్డుకు ఈ బల్బు అక్కర్లేదు. కానీ తర్వాతి పని దానికీ తప్పదు.

అదేమిటంటే, స్పీకర్ తగిలించకముందే అవుట్‌పుట్‌లో డీసీ ఎంతుందో చూడటం. ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపేసి, మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి, రెండు ప్రోబ్‌లనూ స్పీకర్ టెర్మినళ్ల మీద ఆనించాలి. నల్ల ప్రోబ్‌ను గ్రౌండ్ మీద పెట్టి చూడటం చాలామందికి అలవాటు. ఇప్పటి క్లాస్ డి (ట్రాన్సిస్టర్లను స్విచ్‌లలా వేగంగా ఆన్, ఆఫ్ చేసి నడిపే రకం) బోర్డుల్లో చాలావాటికి మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, అలా చూస్తే సప్లైలో సగం వోల్టేజీ కనిపించి టెన్షన్ పడతారు. పదీ ఇరవై మిల్లీవోల్టులు ఉంటే ఫర్వాలేదు. వోల్టుల్లో ఉంటే మాత్రం స్పీకర్ జోలికి వెళ్లొద్దు. ప్లస్, మైనస్ 25 వోల్టుల సప్లై ఉన్న ఆంప్‌లో ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందనుకోండి. ఆ 25 వోల్టులూ నేరుగా వాయిస్ కాయిల్ (స్పీకర్ కోన్‌ను కదిపే తీగచుట్ట) మీద పడతాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు డీసీ రెసిస్టెన్స్ సుమారు 6 ఓమ్‌లు ఉంటుంది కాబట్టి, లెక్కేస్తే నూరు వాట్లు దాటుతుంది, అదీ ఆగకుండా. కోన్ ముందుకు పొడుచుకొచ్చి అక్కడే నిలబడిపోతుంది. ఆ తర్వాత వార్నిష్ కాలిన వాసన. అది ముక్కుకు తగిలాక ఇక చేసేదేమీ ఉండదు.

ఆ 6 ఓమ్‌ల దగ్గర ఏటా ఎవరో ఒకరు, “మేడమ్, 8 అని రాసుంది, మీటర్ 6 చూపిస్తోంది, డూప్లికేట్ అంటగట్టారు” అంటారు. డూప్లికేట్ కాదు నాయనా, మీటర్ చూసేది డీసీకి. 8 అనేది పాట నడిచేటప్పటి ఇంపీడెన్స్‌కు, అంటే ఏసీకి స్పీకర్ ఇచ్చే అడ్డుకు, పెట్టిన గుర్తు, అది కూడా ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూనే ఉంటుంది.

వాట్ల గురించి ఒక మాట. మీ వ్యాసం కిందే వెయ్యి వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరుతో ప్రకటనల్లో వేసే అంకె) అంటూ ఒక ప్రకటన ఉంది. ప్రకటనలు మీ చేతిలో ఉండకపోవచ్చు, కానీ పిల్లలకు ఈ లెక్క చెప్పడం మీ చేతిలో ఉంది. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసున్న అడాప్టర్ నిలకడగా ఇవ్వగలిగేది 24 వాట్లు. అందులో కొంత వేడిగా పోగా మిగిలిందే స్పీకర్‌కు చేరుతుంది. వెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది? సరిగ్గా తేల్చాలంటే స్పీకర్ బదులు 8 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ కట్టి, సైన్ వేవ్ ఇచ్చి, ఆసిలోస్కోప్ తెర మీద అల తల చదునయ్యే ముందు ఆపి, మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి వోల్టేజీ చూడాలి. 4 వోల్టులొస్తే 2 వాట్లు. వోల్టేజీని వర్గం చేసి 8తో భాగిస్తే సరి. చవక మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఏసీని తప్పుగా చూపిస్తాయి కనుక ఈ పరీక్ష వంద, రెండొందల హెర్ట్జ్‌లో చేయడం నయం. 2 వాట్లేనా అని పిల్లలు నీరసపడిపోతారు. వాట్లు రెట్టింపయినా పెరిగేది 3 డెసిబెల్సే, రెండింతలు బిగ్గరగా అనిపించాలంటే దాదాపు పదింతలు కావాలని చెప్పాక కాస్త కుదుటపడతారు.

పెట్టె విషయంలో మీ వ్యాసం ఇంకా తొందరపడింది. ప్లైవుడ్ కొలతలిచ్చారు గానీ ఆ పెట్టె ఏ డ్రైవర్‌కో, అంటే లోపల బిగించే ఏ స్పీకర్‌కో, చెప్పలేదు. ఈ లెక్కలను 1961లో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ అనే ఇంజనీర్లు తేల్చిపెట్టారు. డ్రైవర్ డేటాషీట్‌లో ఎఫ్ఎస్ (పెట్టె లేకుండా కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ, అదే రెజొనెన్స్), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పేది), వీఏఎస్ (కోన్ పట్టు ఎంత మెత్తనో గాలి లీటర్లలో చెప్పేది) అని ఉండేవి వాళ్ల అంకెలే. అవి వరసగా 50 హెర్ట్జ్, 0.4, 20 లీటర్లు అనుకుందాం. మూసిన పెట్టెలో 10 లీటర్ల చోటిస్తే రెజొనెన్స్ 87 హెర్ట్జ్ దగ్గరకు ఎక్కుతుంది, వినడానికి బాగానే ఉంటుంది. అదే డ్రైవర్‌ను 4 లీటర్లలో ఇరికిస్తే 120 దాటిపోతుంది. బాస్‌లో లోతు పోయి, ఆ పైన కాస్త ఉబ్బినట్టు వినిపిస్తుంది. నిజంగా ఎక్కడ నిలిచిందో చూడాలంటే స్పీకర్‌కు సిరీస్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, ఫోన్‌లోని టోన్ జనరేటర్‌ను ఆంప్‌కు కలిపి, ఫ్రీక్వెన్సీ మెల్లగా పెంచుతూ స్పీకర్ మీద వోల్టేజీ రాసుకుంటూ పోవాలి. అంకె ఎక్కడ ఎత్తుకెళ్లి మళ్లీ దిగుతుందో అదే రెజొనెన్స్. మూసిన పెట్టెకు ఒక గుట్ట, పోర్ట్ (గాలి ఆడే గొట్టం) ఉన్నదానికి రెండు గుట్టలు వస్తాయి. కాగితం మీద ఆ గుట్టను తామే గీసిన పిల్లలకు థీల్, స్మాల్ పేర్లు మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

గాలి లీకవుతోందేమో చూడటానికి ఏ పరికరమూ వద్దు. 40 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, తడి వేలిని అతుకుల వెంబడి నెమ్మదిగా జరపండి. లీకున్న చోట వేలికి చల్లగా తగులుతుంది. డ్రైవర్ మీద ప్లస్ గుర్తు చెరిగిపోతే 1.5 వోల్టుల సెల్‌ను క్షణం సేపు ఆనించి చూడాలి. కోన్ ముందుకొస్తే సెల్ ప్లస్ తగిలిన టెర్మినలే ప్లస్. రెండు స్పీకర్లలో ఒకదానికి తీగలు తిరగబడితే రెండూ మోగుతూనే ఉంటాయి, బాస్ మాత్రం మాయమవుతుంది. చాలామంది అప్పుడు ఆంప్‌ను తిడతారు.

ఇక చెవి పరీక్ష. రెండు ఆంప్‌లను పోల్చేటప్పుడు ముందు వాల్యూమ్ సమానం చేయాలి, చెవితో కాదు, మీటర్‌తో. కొంచెం బిగ్గరగా మోగిందే మనకు మంచిదనిపిస్తుంది. శబ్దం తగ్గే కొద్దీ చెవికి బాస్ మరీ తగ్గినట్టుంటుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. మా ల్యాబ్‌లో రెండింటి మీదా నల్లగుడ్డ కప్పుతాం. ఒకరు నాణెం ఎగరేసి తీగలు మారుస్తారు, ఏది మోగుతోందో వినేవాళ్లు చెప్పాలి. పదహారుసార్లలో కనీసం పన్నెండు సరిగ్గా చెబితేనే తేడా విన్నట్టు ఒప్పుకుంటాం, ఎందుకంటే ఊరికే ఊహించి పన్నెండో అంతకుమించో కొట్టే అవకాశం నూటికి నాలుగు కూడా లేదు. ఖరీదైన కెపాసిటర్ వేస్తే గొంతు విచ్చుకుంటుందని వాదించేవాళ్ల ధీమా గుడ్డ కప్పగానే సగానికి పడిపోతుంది.

హెడ్‌ఫోన్ ఆంప్ చేసేవాళ్లకు నేను పెట్టే షరతు ఒక్కటే, తలకు పెట్టుకుని ఆన్ చేయకూడదు. డీసీ చూసి, ముందు పాత జత ఒకటి తగిలించి, బల్ల మీద మోగించి, ఆ తర్వాతే చెవి దగ్గరకు తీసుకెళ్లాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల వరకు వినొచ్చు. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమవుతాయి.

ఇదంతా వేయడానికి మీకు చోటుండకపోవచ్చు. వచ్చే వారం వ్యాసం పక్కన చిన్న బాక్సులో డీసీ పరీక్ష ఒక్కటైనా వేయండి. మరో సంగతి, మీ సర్క్యూట్ బొమ్మలో అవుట్‌పుట్ దగ్గరి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు ప్లస్ గుర్తు పడలేదు. తిరగేసి పెడితే అది ఉబ్బి పగిలిపోవచ్చు. ప్లస్ కాలు ఐసీ వైపు ఉండాలి. దయచేసి సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్, మీ పాఠకురాలు