వీలునామా మాట ఎత్తితే అపశకునమా?

సంపాదకుల వారికి,

నమస్కారములు. తెనాలి కోర్టుల్లో మూడు దశాబ్దాలుగా సివిల్ దావాలు నడుపుతున్న న్యాయవాదిని. మా దగ్గరకు వచ్చే రైతులు నేటికీ ‘ప్లీడరు గారూ’ అనే పిలుస్తారు. ఇంగ్లండులో వీలునామాలు, ఆస్తి పత్రాలు చూసే సొలిసిటర్ వేరు, కోర్టులో వాదించే బారిస్టర్ వేరు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం తర్వాత మనకు అలాంటి విభజన లేదు గనుక, పొద్దున ఇంట్లో దస్తావేజు రాయించిన మనిషే పదిన్నరకు కోర్టు హాల్లో నిలబడాలి.

ఏడింటికి గుమాస్తా ఆనాటి కేసుల జాబితాతో వస్తాడు. ఎనిమిది దాటకముందే వరండా బల్ల మీద కక్షిదారులు కూర్చుని ఉంటారు. నా బీరువాలోని కట్టల్లో సగానికి పైగా భాగపంపిణీ దావాలే. అన్నదమ్ములు చెడ్డవాళ్లై కోర్టుకెక్కినవి వాటిలో తక్కువ; ఇంటి పెద్ద ఒకటి రెండు పేజీల వీలునామా రాయకుండా కన్నుమూసినందువల్ల ఎక్కినవే ఎక్కువ.

వాటిలో ఒక కట్ట పదకొండేళ్ల నాటిది. పక్షవాతంతో ఆరేళ్లు మంచాన పడిన తండ్రికి సేవ చేసిన చిన్న కూతురికే ఇల్లు చెందాలని ఆయన అరుగు మీద కూర్చుని నలుగురితో చెప్పిన మాట నిజమేనని మిగిలిన పిల్లలూ ఒప్పుకుంటారు. నోటిమాటతో ఇల్లు ఎవరి పేరనా మారదు. ఎవరెవరికి ఎంత వాటా అని తేల్చే ప్రిలిమినరీ డిక్రీ రావడానికే ఏడేళ్లు పట్టింది. ఆ తర్వాత ఫైనల్ డిక్రీకి మరో పిటిషన్, ఇంటిని చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు కమిషనర్ నియామకం, సర్వేయరుతో కొలతలు, ఆ కొలతల మీద అభ్యంతరాలు. ఈలోగా పెద్ద కొడుకు మరణిస్తే ఆయన భార్యాబిడ్డలను కక్షిదారులుగా చేర్చవలసి వచ్చింది. అమెరికాలో ఉన్న రెండో కొడుకు అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపిన జీపీఏకు (తన తరఫున వ్యవహారం నడిపే అధికారం మరొకరికిచ్చే పత్రం), అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాల్సి వచ్చింది. ఆ ఇంటికి పదకొండేళ్లుగా సున్నం కూడా వేయలేదు.

వీలునామా లేకపోతే ఆస్తి ఎవరికి పోతుందన్న విషయంలో చదువుకున్నవారికి కూడా పొరపాటు అభిప్రాయాలున్నాయి. భర్త పోతే అంతా భార్యదేనని చాలామంది నమ్మకం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడి స్వార్జితంలో భార్యకు, ప్రతి కొడుక్కి, ప్రతి కూతురికి, బతికి ఉంటే తల్లికి సమాన వాటాలు. తండ్రికి ఆ మొదటి వరుసలో చోటు లేదు. ఆడపిల్లకు పెళ్లిలో పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం గనుక ఇక వాటా ఉండదని అనుకోవడం మరో పొరపాటు. ఇచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోవాలని తండ్రి అనుకుంటే ఆ సంగతి వీలునామాలో రాసి పోవాలి. పిత్రార్జితంలోనైతే ఎన్టీఆర్ హయాంలో, 1985 నుంచే, మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకు జన్మతః హక్కు వచ్చింది. 2005 సవరణ దాన్ని దేశమంతటా పెళ్లైన కూతుళ్లకూ వర్తింపజేసింది. కాబట్టి అటువంటి ఆస్తిలో తన వాటా వరకే ఎవరైనా వీలునామా రాయగలరు.

వీలునామా మగవారి పని అన్న భావన మాత్రం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. అదే చట్టం ప్రకారం, పిల్లలు లేని వివాహిత, భర్త పోయిన తర్వాత, వీలునామా రాయకుండా మరణిస్తే ఆమె తన జీతంతో కొనుక్కున్న స్థలం కూడా భర్త వారసులకే ముందు పోతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మాత్రమే, అదీ సంతానం లేనప్పుడే, మినహాయింపు. పెళ్లైన మూడు నెలలకే భర్త పాముకాటుతో మరణించగా అత్తవారు వెళ్లగొట్టిన ఒక స్త్రీ, పుట్టింట ఉండి చదువుకుని ఉద్యోగం చేసి కూడబెట్టిన డబ్బును సుప్రీంకోర్టు 2009లో ఆ అత్తింటి వారసులకే ఇవ్వవలసి వచ్చింది. సానుభూతితో చట్టాన్ని మార్చలేమని న్యాయమూర్తులు భావించారు. ఆమె ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి సాక్షులతో సంతకాలు చేయించి ఉంటే ఆ తీర్పు అవసరమే వచ్చేది కాదు. ఉద్యోగాలు చేస్తున్న మన అమ్మాయిల్లో ఎందరికి వారసత్వ చట్టంలోని ఈ సెక్షన్ సంగతి తెలుసు?

‘నామినీ పేరు రాశాంగా’ అన్నది నేను రోజూ వినే సమాధానం. బ్యాంకు డిపాజిట్లలోనూ షేర్లలోనూ నామినీ అసలు వారసుల తరఫున సొమ్ము పుచ్చుకునే మనిషే గాని సొంతదారు కాడు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఈ మాట మళ్లీ స్పష్టం చేసింది. తల్లిదండ్రులనో, భార్యాభర్తలనో, పిల్లలనో నామినీగా పెట్టిన జీవిత బీమాలో 2015 సవరణ తర్వాత పరిస్థితి కొంత వేరు.

ఇంత చేసీ వీలునామా రాయడం కష్టమైన పనేమీ కాదు. స్టాంపు కాగితం అక్కర్లేదు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిదని నేను చెబుతాను, ఎందుకంటే తర్వాత ‘ఇది నాన్న సంతకం కాదు’ అనేవారి నోరు కొంత కట్టుబడుతుంది. రాసినవారు బతికి ఉన్నంతకాలం దాని నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వారికో, వారి ఏజెంటుకో తప్ప మరొకరికి ఇవ్వరు గనుక పిల్లలకు తెలిసిపోతుందన్న భయం వద్దు. అంతకంటే గుట్టుగా కావాలంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకోవచ్చు. మనసు మారితే ఎన్నిసార్లైనా తిరగరాయవచ్చు. ముస్లింలకు మాత్రం, వారి ధర్మశాస్త్రం ప్రకారం, మూడో వంతుకు మించి రాయాలంటే వారసుల సమ్మతి కావాలి.

తేలిగ్గా తీసుకోకూడనిది సాక్షుల విషయం. రాసినవారు సంతకం చేస్తుండగా చూసి, వారి ఎదుటే సంతకం చేసే సాక్షులు కనీసం ఇద్దరుండాలి. రిజిస్టరైన వీలునామాను సైతం కోర్టులో రుజువు చేయాలంటే, ప్రాణాలతో ఉన్న సాక్షుల్లో కనీసం ఒకరు బోను ఎక్కి చెప్పాలి. మనవాళ్లేమో మర్యాద కోసం తమకంటే పదేళ్లు పెద్దవాళ్లను సాక్షులుగా పిలుస్తారు! వారు ముందే వెళ్లిపోతే చేతిరాతలు పోల్చుకుంటూ తంటాలు పడేది మేము. వయసులో చిన్నవారిని, ఆస్తిలో ఏమీ రానివారిని, ఊళ్లోనే ఉండేవారిని పిలవండి. ఆసుపత్రి మంచం మీద, మందుల మత్తులో వేలిముద్ర వేయించిన కాగితాలను న్యాయస్థానం అనుమానంగానే చూస్తుంది, చూడాలి కూడా. ఒంట్లో బాగున్నప్పుడే రాసి, అది ఎక్కడ ఉందో నమ్మకస్తులు ఒకరికి చెప్పండి. ఈ మధ్య ఒక ఇంట్లో తల్లి వీలునామా దేవుడి గదిలోని భాగవతం పుస్తకం మధ్య దొరికింది. అప్పటికి ఇల్లు అమ్మి డబ్బు పంచుకుని రెండేళ్లైంది.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఇప్పటికే న్యాయ అవగాహన సదస్సులు నిర్వహిస్తున్నాయి. వాటిలో ఒక పూట వీలునామాకు కేటాయించి, గ్రామ సచివాలయాల్లో, ముఖ్యంగా స్వయం సహాయక సంఘాల మహిళల ముందు ఈ సంగతులు చెప్పించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా న్యాయవాదుల సంఘం నుంచి మాట్లాడటానికి మనుషులు కావాలంటే నేను వస్తాను.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది,
తెనాలి