జానమద్ది వారి పని ఆగకూడదు

సంపాదకులకు,

కడప సి.పి. బ్రౌన్ గ్రంథాలయం పేరెత్తితే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారిని తలుచుకోవడం మా జిల్లాలో మామూలే. ఆయన 2014లో పోయారు. వర్ధంతికి దండ వేస్తాం, నాలుగు మాటలు చెప్తాం. ఆ మాటల్లో ఆయన పట్టుబట్టి లేపించిన గ్రంథాలయ భవనం సంగతే ఎక్కువ. కానీ అందులోకి పుస్తకాలు రప్పించడం అంతకన్నా పెద్ద పని.

1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం మీద కడప వచ్చిన ఇంగ్లీషు దొర, తెలుగు నిఘంటువు రాసిన బ్రౌన్ తర్వాత ఇక్కడే బంగళా కొన్నాడు. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, తాళపత్రాలు తెప్పించి, పాఠాలు పోల్చి సాపుప్రతులు రాయించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అజమాయిషీలో నడిచిన ఆ వ్యవహారాన్ని జనం బ్రౌన్ కాలేజీ అనేవారు. పరీక్షలూ పట్టాలూ లేని కాలేజీ! దానికోసం బ్రౌన్ అప్పులపాలయ్యాడు. ఆ రాతప్రతులు చివరికి మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. కడపకు ఆ బంగళా మొండిగోడలు మిగిలాయి.

ఆ చోట గ్రంథాలయం లేవాలని పట్టుబట్టి, చిన్నాపెద్దా విరాళాలు పోగుచేసిన వాళ్లలో శాస్త్రి గారు ముందున్నారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. సంతోషమే. అయితే పుస్తకాలు వాటంతటవి నడిచిరావు.

రాయలసీమ ఇళ్లలో తాళపత్రాలు ఇంకా ఉన్నాయి. దేవుడి గూట్లో పసుపు కుంకుమలతో ఉన్నవి కొన్ని, అటక మీద చెదలు తింటున్నవి కొన్ని. తాతగారి చేతిరాత అని ఇవ్వడానికి ఒప్పుకోరు. వాళ్లను తప్పుపట్టలేం. ఇమ్మని అడగడం దేనికి? కెమెరా తీసుకుని ఇంటికే వెళ్లి, ఆకులు శుభ్రం చేసి, నిమ్మగడ్డి నూనె రాసి, ఫొటోలు తీసుకుని, కొత్త గుడ్డలో కట్టి మళ్లీ ఆ గూట్లోనే పెట్టి రావచ్చు.

కాలేజీల సంగతి ఇంకా అన్యాయం. నేను పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో లైబ్రేరియన్ రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. పాత పుస్తకాల బీరువా తాళంచెవి ఆఫీసు గుమాస్తా చేతికి వెళ్లింది. అందులో భారతి సాహిత్య పత్రిక సంచికలు, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, వావిళ్ల వారి ప్రచురణలు ఉండేవి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ టీమ్ వస్తోందని గది సర్దుతూ కొన్ని కట్టలు తూకానికి వేసేశారు. ఎవరికీ దురుద్దేశం లేదు, అవేమిటో గుర్తుపట్టే మనిషి లేడంతే.

అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా సార్ అంటారు పిల్లలు. చాలా ఉన్నాయి, నిజమే. మధ్యలో పేజీలు ఎగిరిపోయిన స్కాన్‌లూ, అంచు తెగి పద్యం చివరి అక్షరాలు పోయినవీ కూడా ఉన్నాయి. అప్పుడు అసలు ప్రతి ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

విశ్వవిద్యాలయం వారు ఊళ్లు తిరిగే పనికి ఒక మనిషిని, ఒక బండిని కేటాయించాలని నా మనవి. పాత కాలేజీల ప్రిన్సిపాళ్లు కూడా బీరువాలు తెరిపించి, ఉన్నవాటి జాబితా ఆ కేంద్రానికి పంపాలి. జాబితా వెళ్లేదాకా తూకం మాట ఎత్తకూడదు. మా ప్రొద్దుటూరులో తాళపత్రాలున్న ఇళ్లు కొన్ని నాకు తెలుసు. ఎవరైనా వస్తే వెంట ఉండి చూపిస్తాను.

ఒక విశ్రాంత తెలుగు లెక్చరర్,
ప్రొద్దుటూరు