బండి కొనిస్తామని మాట ఇచ్చిన తల్లిదండ్రులకు

నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వస్తే చాలు, ఇళ్లలో "మంచి మార్కులొస్తే బండి అన్నావు కదా నాన్నా" అనే పాట మొదలవుతుంది. మాట తప్పమని నేను చెప్పను. ఊరికి పొద్దున వచ్చేది ఒక్క బస్సే, అదీ నిండిపోయి ఆగకుండా వెళ్లిపోతుంటే, డిగ్రీకో ఇంజనీరింగ్‌కో పోయే పిల్లలకు బండి ఎంత అవసరమో నాకు తెలుసు. నేను అడిగేది ఒక్కటే: 18 నిండి, లైసెన్స్ చేతికొచ్చేదాకా తాళం ఇవ్వకండి.

మన సెకండియర్ పిల్లల్లో చాలామందికి ఇంకా 17 ఏళ్లే. 16కే లైసెన్స్ ఇస్తారట కదా అని కొందరు అడుగుతున్నారు. అది గేర్లు లేని, 50 సీసీ దాటని బండికి మాత్రమే, మన వీధుల్లో తిరిగే పెట్రోల్ స్కూటీలు ఎక్కువగా 110, 125 సీసీవి. 2019లో చట్టం మారాక మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. పైగా ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. పక్క ఊరికే కదా అని పంపినా ఇదే వర్తిస్తుంది.

18 నిండాక ఎల్‌ఎల్‌ఆర్ తీయించండి, అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులయ్యాక అసలు లైసెన్స్ పరీక్షకు వెళ్లొచ్చు. ఈలోపు దగ్గరుండి నేర్పండి, ముఖ్యంగా బ్రేక్. "ముందు బ్రేక్ పట్టకు, పడిపోతావ్" అని మనమే పిల్లలకు చెబుతుంటాం, దాంతో వాళ్లు జీవితమంతా కాలి బ్రేక్ మీదే ఆధారపడతారు. నిజానికి బ్రేక్ వేయగానే బరువంతా ముందుకు వస్తుంది, కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు చక్రమే. రెండూ కలిపి, మెల్లగా ఒత్తిడి పెంచుతూ పట్టడం ఖాళీ స్థలంలో అలవాటు చేయించండి. ఇసుక మీద, మలుపులో మాత్రం ముందు బ్రేక్ గట్టిగా పట్టకూడదు, స్పీడు ముందే తగ్గించుకోవాలి. బ్రేక్ పడ్డాక బండి సాగే దూరం 40 స్పీడులో కంటే 80లో నాలుగింతలు, ఈ లెక్క మన ఫిజిక్స్ పాఠంలోనే ఉంది.

ఇంకో విషయం నన్ను బాగా కలవరపెడుతోంది. ఫలితాలొచ్చే రోజులూ యాసంగి కోతలూ దాదాపు ఒకేసారి వస్తాయి. రోడ్డు సగం వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రికి నల్ల కవర్ కప్పేస్తారు. కొత్తగా బండెక్కినవాడికి హెడ్‌లైట్ వెలుగులో ఆ కుప్ప దగ్గరికి వచ్చేదాకా కనపడదు. రైతు తల్లిదండ్రులకు నా విన్నపం, దయచేసి రోడ్డు మీద రాళ్లు పెట్టకండి. పిల్లల్ని చీకటి పడ్డాక ఆ దారుల్లో పంపకండి.

కొనేటప్పుడు 100 నుంచి 125 సీసీ చాలు. సెకండ్ హ్యాండ్ అయితే ఆర్‌సి మీ పేరు మీదికి మారిందో లేదో, ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో చూసుకోండి. ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు రెండు కొనండి, వెనక కూర్చునే ఫ్రెండ్‌కూ తల ఉంది. పెట్టుకున్నాక బెల్ట్ బిగించకపోతే పడ్డప్పుడు అది ఊడిపోతుంది. పెట్రోల్, సర్వీసింగ్ ఖర్చుల లెక్క పిల్లలనే రాయమనండి.

ఇకపై లైసెన్స్ లేకుండా బండి మీద వచ్చే విద్యార్థిని గేటు దగ్గరే ఆపి మీకు ఫోన్ చేస్తాం. తాళం మీ చేతికే ఇస్తాం, పిల్లలకు ఇవ్వం.

మీ ప్రిన్సిపాల్