ఆగస్టు 4: ఆర్స్ ఫాదర్‌గారిని తలచుకుందాం

విచారణ (పారిష్) కుటుంబ సభ్యులందరికీ వందనాలు. ఆగస్టు 4 పునీత (సెయింట్) జాన్ మరియ వియాన్నీగారి పండుగ. ఫ్రాన్స్‌లోని ఆర్స్ అనే చిన్న ఊరికి 1818లో వచ్చి, 1859లో కన్నుమూసేదాకా అక్కడే విచారణ గురువుగా ఉన్నారు.

రైతు బిడ్డ. ఫ్రెంచి విప్లవ కాలంలో గుళ్లు మూతపడితే మొదటి దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) ఒక ఇంట్లో రహస్యంగా తీసుకున్నారు. గురువులయ్యేవారు చదివే సెమినరీలో లాటిన్ ఎంతకీ రాలేదు, పరీక్ష తప్పారు కూడా. చదువులో వెనకబడ్డామని దిగులుపడే మన పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆయన ఓపిక. ఒక్కోరోజు 16 గంటల దాకా పాపసంకీర్తనాలు (జనం తమ పాపాలు ఒప్పుకోవడం) వినేవారు. అర్ధరాత్రి దాటగానే గుడికి వచ్చి కూర్చునేవారు. దూరప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు తమ వంతు కోసం రోజుల తరబడి వేచి ఉండేవారు. అనాథ ఆడపిల్లలకు ఇల్లూ బడీ నడిపారు, తాను మాత్రం ఉడికించిన బంగాళాదుంపలతో సరిపెట్టుకునేవారు. ఏకాంత ప్రార్థన కోసం ఊరు విడిచి వెళ్లబోయినా, జనం కోసం తిరిగి వచ్చేశారు.

1925లో ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. విచారణ గురువులందరికీ పాలక పునీతుడు (అండగా ఉండే సెయింట్) ఆయనే.

మన విచారణలో సేవచేసిన ఫాదర్ల జ్ఞాపకాలు, పాత ఫొటోలు ఉంటే పండుగలోపు ఇక్కడ పెట్టండి. కాలం చేసినవారి కోసం ఆరోజు పూజలో ప్రార్థిద్దాం.