పాత ఫ్యాన్ల సంగతీ చూడండి

సంపాదకునికి,

తిరుపతి ఎండల్లో కరెంటు బిల్లు రాగానే అందరూ ఏసీనే తిట్టుకుంటారు. పొద్దస్తమానం తిరిగే పాత సీలింగ్ ఫ్యాన్ల సంగతి ఎవరికీ పట్టదు. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగితే, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు వేసే ఇంట్లో ఒక్కో ఫ్యానుకు నెలకు 16 యూనిట్ల దాకా మిగులుతాయి. ధర ఎక్కువే, కాదనను. పాతది పాడైనప్పుడు మార్చుకుంటే సరి.

ఏసీ 24 దగ్గర పెట్టి, ఫ్యాను సన్నగా తిప్పుకోండి. మా వీధిలో చాలా ఇళ్లలో టీవీని రిమోట్‌తో ఆపేస్తారు. సెట్‌టాప్ బాక్సు ఎర్ర లైటు మాత్రం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. లేచి స్విచ్ కట్టేయడానికి బద్ధకం!

మనకు కరెంటు సరఫరా చేసే దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది కదా, బిల్లు వెనక ఇలాంటి లెక్కలు తెలుగులో ముద్రిస్తే బాగుంటుంది.

– ఒక గృహిణి, తిరుపతి